పేరు తెలియని జబ్బుతో కాపురం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, వేట నిషేధం వల్ల మన నెల్లూరు తీరంలో మోటారు బోటు నీళ్లలోకి దిగదు. జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నం చుట్టుపక్కల పట్టపుపాళేల్లో మగవాళ్లు వలలు అల్లుకుంటూ, బోట్లు బాగు చేసుకుంటూ ఇంటి పట్టునే ఉంటారు. మిగతా ఏడాదంతా చీకటితో పోయి అలసిపోయి వచ్చే మనిషిని భార్య తీరిగ్గా చూసే రోజులు ఇవే. నిద్రలో కాళ్లు విసిరి కొడుతున్నాడని, చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెబుతున్నాడని, చిన్నప్పటి నుంచి వేసిన వలముడికే తడుముకుంటున్నాడని, ఎవరూ లేని వైపు చూసి గొణుగుతున్నాడని అప్పుడు కంటబడుతుంది. అత్తతో చెబితే "వేట లేక దిగులు, పోనియ్యి" అంటుంది. తోడికోడలితో చెబితే "మా ఆయనా అంతే" అంటుంది. అతన్నే అడిగితే "నాకేమైంది? నీకే పిచ్చి" అంటాడు. అక్కడితో ఆ మాట ఆగిపోతుంది, ఒక్కోసారి ఏళ్ల తరబడి.

ఈ అధ్యాయం అటువంటి ఇంట్లో ఉన్న మీకోసం. మీ భర్తకో, మీ భార్యకో ఏదో అయిందని మీకు తెలుసు. అదేమిటో ఏ డాక్టరూ చెప్పలేదు. చూపించుకుందాం రమ్మంటే రారు. నేను చెప్పదలుచుకున్నది ఒకటే: జబ్బు పేరు తెలిసేదాకా మీరు చేతులు కట్టుకుని కూర్చోనక్కర లేదు. పేరు పెట్టడం మీ పని కాదు. చూసింది చూసినట్టు చెప్పడం, ఇంటినీ మిమ్మల్నీ కాపాడుకోవడం మీ పని. ఆ రెండూ అతని ఒప్పుదల లేకుండానే, ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

డాక్టరు పేరు పెట్టకపోతే ఊరు ఊరుకోదు, తనకు తోచిన పేరు పెడుతుంది. గాలి సోకిందంటారు, మందు పెట్టారంటారు, బద్ధకమంటారు. ఆడమనిషి అయితే పొగరు, పుట్టింటి బుద్ధి. వీటితో చిక్కేమిటంటే ప్రతి పేరూ ఒక దారి పట్టిస్తుంది. గాలి అన్నవాళ్లు తాయెత్తు కట్టిస్తారు, బద్ధకం అన్నవాళ్లు తిడతారు, పొగరు అన్నవాళ్లు చెయ్యి చేసుకుంటారు. జబ్బు మాత్రం లోపల తన పని తాను చేసుకుపోతుంది.

అందుకని ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. ఎప్పటి నుంచి? "పెళ్లయినకాడ్నుంచి ఇంతే" అనడానికీ, "ఈ మధ్యనే ఇట్టయినాడు" అనడానికీ వైద్యంలో చాలా తేడా ఉంది. చిన్నప్పటి నుంచే నలుగురిలో కలవలేడు, ఎదుటివాళ్ల ముఖం చూసి మనసు పట్టుకోలేడు, వస్తువు చోటు మారితే అల్లాడిపోతాడు, చేతికి తీసుకున్న పని ఏదీ పూర్తి చేయలేడు అంటే అది పుట్టుకతో వచ్చిన మెదడు తీరు కావచ్చు. ఆటిజం, ఏడీహెచ్‌డీ పిల్లలకే అని చాలామంది అనుకుంటారు. ఆ పిల్లలే పెద్దవాళ్లయి, పెళ్లిళ్లు చేసుకుని, ఎవరూ గుర్తించకుండానే కాపురాలు చేస్తుంటారు. అది ప్రేమ లేకపోవడమని మీరు ఇన్నాళ్లూ ఏడ్చి ఉండవచ్చు. అటువంటి మనిషికి సూచనగా చెబితే ఎక్కదు. "నువ్వే తెలుసుకోవాలి" అనుకోకుండా "సాయంత్రం ఆరింటికి పాపను ట్యూషన్ నుంచి తీసుకురా" అని విడమర్చి చెప్పడం మొదలుపెడితే చాలా గొడవలు తగ్గుతాయి.

నెమ్మదైన మనిషి నలభై అయిదు, యాభై ఏళ్లకు హఠాత్తుగా సిగ్గూ జాలీ లేనట్టు మారిపోతే అది వేరే సంగతి. పెళ్లిలో నోటికొచ్చింది మాట్లాడటం, ఎదుటివాళ్ల విస్తరిలో చెయ్యి పెట్టడం, తీపి వస్తువుల కోసం వెంపర్లాడటం, కన్నబిడ్డ జ్వరంతో మూలుగుతున్నా పట్టనట్టు ఉండటం చూస్తే "ముసలితనంలో బుద్ధి గడ్డి తింది" అంటారు. మెదడు ముందు భాగం కుంచించుకుపోయే ఒక రకం డిమెన్షియా ఇలాగే మొదలవుతుంది. జ్ఞాపకం బాగానే ఉంటుంది, స్వభావమే ముందు పోతుంది. ఇవి బయటపెట్టే పరీక్షలు మన భాషలోనే ఉన్నాయి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మెదడు పనితీరును కొలిచే పరీక్షను తెలుగులో సిద్ధం చేసుకుని ఏళ్ల తరబడి వాడింది. 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు వచ్చినవాళ్లలో జబ్బు నాలుగేళ్లకు పైగా ఆలస్యంగా కనిపించిందని 2013లో ప్రపంచానికి చెప్పింది కూడా ఆ బృందమే. పెద్ద చదువు లేనివాళ్లను పరీక్షించడం ఆ డాక్టర్లకు కొత్త కాదు. "మా ఆయనకు అక్షరం ముక్క రాదు, ఏం పరీక్ష చేస్తారు" అని వెనక్కి తగ్గకండి.

పక్కన పడుకునే మనిషికి మాత్రమే తెలిసే జబ్బులు కొన్ని ఉంటాయి. కలలో ఎవరితోనో పోట్లాడుతున్నట్టు నిద్రలో అరిచి, చేతులు విసరడం పార్కిన్సన్ జబ్బుకు చాలా ఏళ్ల ముందే కనిపించవచ్చు. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడే మనిషికి రాత్రి నిద్ర నిద్ర కాదు, అందుకే పగలంతా చిరాకు, మతిమరుపు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక నిమిషం శూన్యంలోకి చూసి, పెదవులు చప్పరించి, చీర కొంగో చొక్కా గుండీయో నలుపుతూ ఉండి, తర్వాత అదేమీ గుర్తు లేదనే మనిషికి అది మూర్ఛ కావచ్చు. కింద పడి కొట్టుకుంటేనే మూర్ఛ అనుకోకండి. ఆ ఒక్క నిమిషం బోటు అంచున వస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర లేదు. ఇటువంటిది ఒక్కసారి కంటబడినా, డాక్టరు చూసేదాకా వేటకు పోనివ్వకండి. పోక తప్పలేదంటే, బోటులో కూడా వెళ్లే ఒక్క మనిషికైనా సంగతి చెప్పి పంపండి. వీలైతే ఫోనులో వీడియో తీయండి. నరాల డాక్టరుకు పది నిమిషాల వర్ణన కంటే అర నిమిషం వీడియో ఎక్కువ చెబుతుంది. గొడవ పడుతున్నప్పుడు మాత్రం కెమెరా ఎత్తకండి. అనుమానంతో బాధపడే మనిషికి ఆ ఒక్క పనితో మీరు శత్రువైపోతారు.

మనసు జబ్బులా కనిపించేవాటిలో కొన్ని ఒంటి జబ్బులు. థైరాయిడ్ తగ్గితే మనిషి దిగులుగా, మందకొడిగా అవుతాడు, పెరిగితే ఊరికే మండిపడతాడు. బి12 తక్కువైతే మతిమరుపు, తిమ్మిర్లు, చిరాకు. పెద్దవయసువాళ్లకు ఒంట్లో సోడియం పడిపోతే రాత్రికి రాత్రే తికమకగా మాట్లాడతారు. తాగి జారిపడి తలకు తగిలిన దెబ్బ మానిపోయిందనుకున్నాక, కొన్ని వారాలకు లోపల రక్తం చేరి మనిషి మొద్దుబారిపోవచ్చు. మనలో మేనరికాలు ఎక్కువ కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. విల్సన్ జబ్బని ఒకటుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే పట్టుకుంటుంది. ఒంట్లో రాగి పేరుకుపోయి పడుచువాళ్లలో చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, ప్రవర్తన మారడం కనిపిస్తాయి. దాన్ని పిచ్చి అని వదిలేస్తే మనిషి పాడైపోతాడు, పట్టుకుంటే మందులున్నాయి. వీటిలో చాలావాటికి రక్తపరీక్ష, ఒక స్కాన్ చాలు. "మనసు డాక్టరు" అంటే కస్సుమనే మనిషి కూడా "రక్తపరీక్ష" అంటే చెయ్యి చాపుతాడు. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

తాగుడు సంగతి కొంచెం ఎక్కువసేపు మాట్లాడుకోవాలి. నెల్లూరు జిల్లా ఆడవాళ్లకు ఈ విషయం ఎవరూ నేర్పనక్కర లేదు. మెట్టలో కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ సారా కొట్టు మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చేదాకా ప్రభుత్వాన్ని నిద్రపోనివ్వలేదు. అంతమంది కలిసి కొట్టు మూయించగలిగారు. ఇంట్లో ఒక్క మనిషి ఎందుకు తాగుతున్నాడో తెలుసుకోవడానికి ఆ బలం సరిపోదు, అక్కడ వైద్యం కావాలి. తాగుడు వెనక దిగులు జబ్బు దాగి ఉండవచ్చు, చెవిలో వినిపించే గొంతులను ఆపుకోవడానికి తాగేవాళ్లూ ఉంటారు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం ఉందనేది ప్రతి ఇంటికీ తెలియాలి. మొదట వణుకు, చెమటలు. ఒకటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు గోడల మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో చంపడానికి వస్తున్నారని కేకలు. మాల వేసుకున్నప్పుడో, ఒట్టు పెట్టించినప్పుడో ఇలా జరిగితే దేవుడు పూనాడని, దయ్యం పట్టిందని అనుకుంటారు. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మానిపించాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడి, మందుల సాయంతో మానిపించండి.

కాలవ ఒడ్డున రొయ్యల గుంటలు చేసే ఇళ్లలో ఇంకో రకం చూస్తాం. పంట చేతికొచ్చే ముందు రాత్రిళ్లు మేలుకుని ఏరేటర్లు చూసుకోవడం మామూలే, నిద్ర చాలక మర్నాడు తూలడమూ మామూలే. నాలుగైదు రాత్రులు రెండేసి గంటలే పడుకుని కూడా అలుపే లేకుండా, గడగడా మాట్లాడుతూ, రెండెకరాలవాడు పాతికెకరాలకు అడ్వాన్సులు ఇచ్చేస్తూ, వద్దన్నవాళ్ల మీద విరుచుకుపడుతూ ఉంటే అది హుషారు కాదు. బైపోలార్ అనే జబ్బులో వచ్చే ఉధృతి కావచ్చు. ఆ తర్వాత అదే మనిషి నెలల తరబడి మంచం దిగడు. ఊరు మాత్రం రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చి పంట పోయిందని దిగులు అంటుంది. ఆ రెండు స్థితులనూ కలిపి చూసింది మీరొక్కరే. డాక్టరు దగ్గర దిగులు ఒక్కటే చెప్పి వస్తే ఇచ్చే మందు ఆ ఉధృతిని మళ్లీ రేపవచ్చు. అందుకే "ముందు ఇలా హుషారుగా తిరిగాడు" అన్న మాట తప్పకుండా చెప్పాలి.

ఇవన్నీ గుర్తు పెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. "పిచ్చిగా చేశాడు" అని రాయొద్దు. "మంగళవారం రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా పడుకోలేదు, తలుపు తీసి మూడుసార్లు వీధిలోకి చూశాడు, అన్నం తినలేదు" అని రాయండి. తేదీ, వేళ, ఎంతసేపు, దానికి ముందు ఏం జరిగింది, తాగి ఉన్నాడా లేదా. రాయడం రాకపోతే మీ అమ్మాయి చేత కాదు, తమ్ముడి చేతనో ఆశా కార్యకర్త చేతనో రాయించండి. బిడ్డ చేత తండ్రి మీద రాయించొద్దు.

ఇక ఒప్పించడం. మీరు ఎంత చెప్పినా "నాకేం లేదు" అంటున్నాడంటే అది మొండితనమని తేల్చేయకండి. 1914లోనే బాబిన్‌స్కీ అనే ఫ్రెంచి నరాల వైద్యుడు, ఎడమ పక్క పూర్తిగా పడిపోయినా తమకేమీ కాలేదనే రోగుల గురించి చెప్పాడు. వాళ్లు అబద్ధమాడటం లేదు. తనలో లోపాన్ని తాను గుర్తించే శక్తినే మెదడు పోగొట్టుకుంటుంది. లేని గొంతులు వినిపించే స్కిజోఫ్రీనియాలోనూ, బైపోలార్ ఉధృతిలోనూ, డిమెన్షియాలోనూ ఇది చూస్తాం. అమెరికాలో జేవియర్ అమడార్ అనే మనస్తత్వవేత్త, తన సోదరుడికి స్కిజోఫ్రీనియా వచ్చినప్పుడు వాదించి వాదించి ఓడిపోయాక ఒక పద్ధతి కట్టాడు. జబ్బుందని ఒప్పించడం మానుకుని, ముందు వినాలి. అతని బాధలో నిజమైనదాన్ని పట్టుకోవాలి. ఇద్దరూ ఒప్పుకునే చిన్న సంగతి ఒకటి దొరికితే దాని మీదే అడుగు వేయాలి.

మన ఇళ్లలో అది ఇలా ఉంటుంది. "నీకు మెంటలు, ఆసుపత్రికి పద" అంటే తలుపు మూసుకుంటుంది. "తెల్లారి మూడింటికే లేచి కూర్చుంటుండావు మావా. తలకాయ నొప్పని కూడా అంటివి. నిద్ర పట్టేదానికేమైనా ఇస్తారేమో అడుగుదాం రా" అంటే రావచ్చు. ఎవరో వెంటాడుతున్నారని అతనంటే, "ఎవరూ లేరు" అని వాదించకండి, "అవును, ఉన్నారు" అనీ అనకండి. "నాకు కనపడలేదు గానీ నువ్వు భయపడుతుండావని తెలుస్తాంది" అనండి. మీ మాట వినకపోతే ఎవరి మాట వింటాడో ఆలోచించండి. బావమరిది కావచ్చు, బోటు యజమాని కావచ్చు, ఊళ్లో పెద్దమనిషిగా ఉండే కాపు కావచ్చు. వాళ్ల చేత ఒక్కసారే, నలుగురి ముందు కాకుండా చెప్పించండి. ఇద్దరం చూపించుకుందాం, నాకూ బీపీ చూపించాలి అనడం మంచి దారి, అందులో అబద్ధం కూడా లేదు. అన్నంలో దొంగచాటుగా మందు కలపడం మాత్రం వద్దు. తెలిసిననాడు మీ చేతి ముద్ద విషమనుకుంటాడు, ఆ నమ్మకం మళ్లీ తెచ్చుకోలేరు.

అతను రాకపోతే మీరొక్కరే వెళ్లండి. నెల్లూరు దర్గామిట్టలో పెద్దాసుపత్రి ఉంది, ఏసీఎస్‌ఆర్ ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధం. నోటుబుక్కు పట్టుకుని మానసిక వైద్య విభాగంలో కూర్చుని అడగండి. వెళ్లలేకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రి కూడా ఎత్తుతారు, రోగే మాట్లాడాలన్న నియమం లేదు. పైస్థాయి వైద్యానికి మన జిల్లావాళ్లు ఎప్పటి నుంచో చెన్నై పోతున్నారు. అక్కడ కీల్పాక్‌లోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ 1794 నాటిది. డాక్టర్ శారదా మీనన్ 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ స్కిజోఫ్రీనియా రోగులకూ వాళ్ల కుటుంబాలకూ పని చేస్తోంది.

దర్గాకు, గుడికి పోవద్దని నేననను. ఏఎస్ పేట, కసుమూరు, గొలగమూడి మన మనుషులు దుఃఖం దించుకునే చోట్లు. రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు దగ్గర ఆరోగ్య రొట్టె పట్టుకునే చెయ్యి మొక్కు తీర్చుకునే చెయ్యి, దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో ముజావర్లే రోగులను డాక్టరు దగ్గరికి పంపే పద్ధతి నడిచింది, దువా (ప్రార్థన) దువాయే, దవా (మందు) దవాయే. మొక్కుకుని రండి, వచ్చేటప్పుడు డాక్టరును కూడా చూసి రండి. గొలుసు మాట ఎవరెత్తినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో గుడిసెలు అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసు వేయడాన్ని నిషేధించింది.

భార్య జబ్బు పడిన ఇంటికి ఒక మాట. కాన్పయిన రెండు మూడు వారాల్లోపు ఆమె నిద్రపోకుండా, పొంతన లేకుండా మాట్లాడుతూ, బిడ్డ తన బిడ్డ కాదంటూ ఉంటే, అది బాలింత సన్ని అని పుట్టింట్లో వదిలిరాకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి. తల్లిని, బిడ్డను ఒంటరిగా ఉంచొద్దు. త్వరగా వైద్యం అందితే ఈ జబ్బు బాగా నయమవుతుంది.

చావు మాట వస్తే సూటిగానే అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు, అడిగితే బరువు దిగుతుంది. పురుగుమందు డబ్బాలు, గుంటలకు వాడే మందులు ఇంట్లో ఉంచకండి, ఇంకొకరి ఇంట్లో తాళం వేయించండి. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే 2017 చట్టం భావిస్తుంది. కేసవుతుందేమోనన్న భయంతో ఆసుపత్రికి పోవడం ఆపొద్దు. తనకో ఇతరులకో హాని చేసే స్థితిలో, ఒప్పుకోకపోయినా, దగ్గరి మనిషి కోరితే నిపుణులు ఇద్దరు విడివిడిగా పరీక్షించి 30 రోజుల వరకు చేర్చుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది.

దెబ్బలు తినడం సేవ కాదు. జబ్బు వల్లే కొట్టినా దెబ్బ దెబ్బే. బిడ్డలను తీసుకుని ఏ ఇంటికి పోవాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆధార్, రేషన్ కార్డు, పాసుపుస్తకం, కాస్త డబ్బు ఒక సంచిలో సర్ది ఉంచుకోండి. అత్యవసర సాయానికి 112, ఆడవాళ్ల సాయానికి 181, ఈ నంబర్లు నోటికి వచ్చి ఉండాలి. హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే సఖి కేంద్రం జిల్లా కేంద్రంలో ఉంది. డబ్బు విషయంలోనూ మొహమాటం వద్దు. బంగారం మీ అమ్మగారింట్లో పెట్టండి, పొలం కాగితాల జెరాక్సులు మీ దగ్గర ఉంచుకోండి, ఫోన్‌పే ఉన్న ఖాతాలో ఇంటి ఖర్చుకు మించి ఉంచకండి. బిడ్డలకు అబద్ధం చెప్పకండి. "నాయనకు తలలో జబ్బు చేసింది, కోపం జబ్బుది, నువ్వేం తప్పు చేయలేదు" అంటే ఆరేళ్ల బిడ్డకు కూడా అర్థమవుతుంది.

మీ నిద్ర, మీ బీపీ, మీ షుగరు చూసుకోవడానికి అతను బాగుపడేదాకా ఆగొద్దు. వారంలో ఒక్క పూటైనా అతన్ని ఇంకొకరికి అప్పజెప్పి మీ అక్క ఇంటికి వెళ్లిరండి. అతని తమ్ముడు అన్నీ మీ మీద వదిలేసి ఉంటే, ఆ ఒక్క పూట అడగడం మీ హక్కు.

ఉండాలా, విడిపోవాలా అని అడిగేవాళ్లకు ఒకే జవాబు లేదు. జబ్బు పేరు చెప్పి మనిషిని వదిలించుకోవడం మాత్రం చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు. మన రాష్ట్రానికి చెందిన ఒక వైద్య దంపతుల కేసులో, భార్యకు స్కిజోఫ్రీనియా అంటూ భర్త విడాకులు కోరితే, 2013లో సుప్రీంకోర్టు కాదంది. ఆ జబ్బుకు వైద్యం ఉందని, ఆమె ప్రభుత్వ వైద్యాధికారిగా పని చేస్తూనే ఉందని గుర్తు చేసింది. ఇది జబ్బు మనిషికి రక్షణే గానీ, మీరు దెబ్బలు తింటూ అదే కప్పు కింద ఉండాలనే ఆజ్ఞ కాదు. చూపించుకోవడానికి ఎప్పటికీ రాని మనిషి నుంచి, చెయ్యెత్తే మనిషి నుంచి విడిగా ఉండటం తప్పు కాదు. అలా నిర్ణయించుకున్నా ఆ నోటుబుక్కు పారేయకండి. ఒక ప్రతి అతని అక్కకో తమ్ముడికో ఇవ్వండి, ఇంకొకటి డాక్టరుకు చేర్చండి. మీ తర్వాత అతన్ని చూసుకోబోయేవాళ్లకు అది కావాలి.